గోదావరి దాటిన గోండి మాట

2016లో పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను ఏర్పరిచే నాటికే, మైదానమైన జనగామ వైపు కాకుండా మిగతా రెంటి అడవుల్లో గుత్తికోయల గూడేలు వెలిశాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో మొదలైన సాల్వా జుడుం ఊళ్లను ఖాళీ చేయించగా, ఇరుపక్షాల తుపాకుల నడుమ చిక్కిన ఆదివాసులు ఎందరో గోదావరి దాటి ఇటు వచ్చారు. వారినే ఇక్కడ గుత్తికోయలంటారు.

వారి మాట వినిపించే దారుల సంగతికొస్తే, వారు వదిలి వచ్చిన నేలకు 1977 నుంచి జగదల్‌పూర్ ఆకాశవాణి ఉంది. దాని మీడియం వేవ్ ప్రసారాలు రాత్రివేళ చాలా దూరం సాగుతాయి. 1990లో మొదలైన వరంగల్ కేంద్రానిది ఎఫ్.ఎం.; ఆ తరంగాలు సూటిగా పోయి గుట్ట అడ్డొస్తే ఆగిపోతాయి, పైగా అందులో వినిపించేది ప్రధానంగా తెలుగు. ఈ రెంటిలోనూ మాట పైనుంచి కిందికే వచ్చేది. ప్రైవేటు, కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధన మిగిలిన దారినీ మూసింది.

పూర్వం బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2010లో మధ్య భారత ఆదివాసుల కోసం ఆరంభించిన సీజీనెట్ స్వర ఈ చిక్కును ఫోను ద్వారా విప్పజూసింది. మిస్డ్ కాల్ ఇస్తే యంత్రమే తిరిగి ఫోను చేస్తుంది. గోండిలోనో హిందీలోనో చెప్పింది రికార్డవుతుంది, సంపాదకులు సరిచూశాక అందరికీ వినిపిస్తుంది. అందని ఉపాధి కూలి గురించో పాడైన చేతిపంపు గురించో చెప్పే మనిషి, సంబంధిత అధికారి నంబరు కూడా చెప్పి, వినేవారందరినీ ఆయనకు ఫోను చేయమంటాడు. ఏ పత్రికా ఇవ్వని పలుకుబడి ఇది. సిగ్నల్ లేని ఊళ్ల కోసం ఆ రికార్డులను బ్లూటూత్ ద్వారా ఫోను నుంచి ఫోనుకు పంచే పద్ధతికి బుల్టూ రేడియో అని పేరు పెట్టారు.

తరువాత చౌధరి బృందం, ఇలా బస్తర్ వదిలి వచ్చినవారి కోసం, 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా తరిమివేతకు గురైనవారికి పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి కల్పించే అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం) నిబంధనను అమలు చేయాలని కోరింది. ఈ నిబంధన ఉన్నా, తెలంగాణలో గుత్తికోయల స్థితి చిక్కుగానే ఉంది: ఇక్కడ వారికి షెడ్యూల్డ్ తెగ గుర్తింపు లేదు, ఆ గుర్తింపు లేనివారు పోడు భూమికి పట్టా పొందాలంటే ఆ తేదీకి ముందే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిలో ఉంటున్నట్టు రుజువు చూపాలి.