ప్రజారోగ్యంలో మాస్టర్స్ (ఎంపీహెచ్)

సమాజ ఆరోగ్యం, ఆరోగ్య విధానాలు ప్రధానాంశాలుగా సాగే పీజీ కోర్సు. మన దేశంలో సాధారణంగా రెండేళ్లు. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదివే ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ వేరు. ఆ రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. ఎంపీహెచ్‌లో చాలాచోట్ల నర్సులకు, సామాజిక శాస్త్రాలు చదివినవాళ్లకు కూడా ప్రవేశం ఉంటుంది.

కలకత్తాలో 1932లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో వెలసిన అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఈ రంగంలో పాతకాపు. తిరువనంతపురంలోని అచ్యుత మేనన్ కేంద్రం 1997లో ఎంపీహెచ్ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో భారత ప్రజారోగ్య సంస్థ (ఐఐపీహెచ్), కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఈ కోర్సు నడుపుతున్నాయి.

ఎపిడెమియాలజీ, గణాంకాలు, ఆరోగ్య ఆర్థికశాస్త్రం తరగతి గదిలో నేర్చుకునేవే. అసలు పరీక్ష ఊళ్లో సర్వేకు వెళ్లినప్పుడు. ‘వైద్యానికి ఎంతయింది?’ అంటే ఇంటావిడ డాక్టరు ఫీజు, మందుల డబ్బు చెబుతుంది. ఆటో కిరాయి, తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకున్న కూలి విడిగా అడిగితే తప్ప లెక్కలోకి రావు. విధాన పాఠం అక్కడే మొదలవుతుంది: 2007లో ఆరంభమైన ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చు భరిస్తుంది, మరి నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రల మాటేమిటి? ఇలాంటి ప్రశ్నే తరచూ విద్యార్థి డిసర్టేషన్‌కు అంశమవుతుంది.