ఫ్రెంచి రివేరా సముద్రతీరాలు

ఫ్రెంచి రివేరా అనునది ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగమున మధ్యధరా సముద్రము వెంబడి ఉన్న తీరప్రాంతము. తూర్పున ఇటలీ సరిహద్దులోని మెంతోన్ పట్టణము నుండి పడమర సెయింట్ త్రోపే పరిసరాల వరకు ఉన్న తీరాన్ని సాధారణంగా ఈ పేరుతో పిలుస్తారు. దీనికి అధికారికంగా నిర్ణయించిన ఎల్లలు లేవు. స్తెఫాన్ లియెజార్ అను రచయిత 1887లో ప్రచురించిన పుస్తకము ద్వారా ఈ ప్రాంతానికి "కోత్ దజ్యూర్" (నీలి తీరము) అన్న పేరు స్థిరపడినది. నీస్, కాన్, ఆంటీబ్ ఇక్కడి ముఖ్య పట్టణాలు. మొనాకో అను చిన్న దేశము కూడా ఈ తీరములోనే కలదు.

19వ శతాబ్దములో ఆంగ్లేయులు, రష్యన్లు ఇక్కడికి చలికాలము గడపడానికి వచ్చేవారు. వేసవిలో హోటళ్ళు మూసివేసేవారు. ఎండలో పడుకొనుట, సముద్రస్నానము చేయుట వేసవి వినోదముగా మారినది 1920 దశకములోనే. ఆంటీబ్ అగ్రములోని లా గారూప్ తీరములో అమెరికన్ దంపతులు జెరాల్డ్, సారా మర్ఫీ సముద్రపు నాచును తొలగించి, మిత్రులతో కలిసి విహరించుట ఈ మార్పుకు ఒక గుర్తుగా చెబుతారు. ఆ మిత్రులలో ఒకడైన స్కాట్ ఫిట్జెరాల్డ్ 1934 నాటి తన నవల "టెండర్ ఈజ్ ద నైట్"కు ఈ తీరాన్నే నేపథ్యముగా తీసుకొన్నాడు.

తీరము ఎవరిది?

ఈ ప్రాంతానికి వచ్చే యాత్రికుని మొదట తికమకపెట్టునది "ప్రైవేటు బీచ్" అన్న బోర్డు. నిజానికి ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డు ప్రభుత్వ ఆస్తి. దానిని ఎవరూ కొనలేరు, అమ్మలేరు. 14వ లూయీ మంత్రి కోల్బేర్ కాలములో, 1681లో వచ్చిన నౌకా శాసనము ఒడ్డు ఎంతవరకు అన్నదానిని అతి పెద్ద ఆటుపోటును బట్టి నిర్వచించినది. మధ్యధరాలో ఆటుపోట్లు అతి స్వల్పము కాబట్టి అక్కడ మాత్రము శీతాకాలపు అతి పెద్ద కెరటము చేరే చోటు హద్దు అన్న పాత రోమన్ సూత్రమే చాలాకాలము నడిచినది. 1973లో ఫ్రాన్సు అత్యున్నత పాలనా న్యాయస్థానమైన కొన్సెయ్ దెతా దేశమంతటికీ ఒకే నియమాన్ని స్థిరపరచినది. అసాధారణ తుఫానులు లేని సమయములో సముద్రము అత్యధికముగా చేరే రేఖయే హద్దు.

ఆటుపోట్లు లేకపోవుటకు మరొక పర్యవసానము ఉన్నది. అట్లాంటిక్ తీరములో వలె నీరు వెనుకకు పోయి విశాలమైన ఇసుకమేట బయటపడదు. ఉన్న ఒడ్డు సన్ననిది, ఎప్పుడూ అంతే. అందువలన ఇక్కడ ఒక్కొక్క మీటరు కోసము తగాదా తప్పదు.

1986 జనవరి 3 నాటి తీరప్రాంత చట్టము ప్రకారము బీచ్‌ల మూల ప్రయోజనము ప్రజలు స్వేచ్ఛగా, ఉచితముగా వాడుకొనుట. "ప్రైవేటు బీచ్" అనగా ప్రభుత్వము లేదా పురపాలక సంఘము కొంతకాలానికి వ్యాపారికి అద్దెకిచ్చిన భాగము మాత్రమే. 2006 మే నెలలో వచ్చిన ఉత్తర్వు ఈ అద్దెలకు పరిమితులు విధించినది. సహజమైన బీచ్‌లో పొడవులోను, విస్తీర్ణములోను 80 శాతము ఖాళీగా ఉంచవలెను. కృత్రిమముగా ఏర్పరచిన బీచ్‌లో ఇది 50 శాతము. గడువు 12 సంవత్సరాలు మించరాదు. కట్టడాలు విప్పి తీయుటకు వీలైనవిగా ఉండవలెను, సాధారణంగా సంవత్సరములో ఆరు నెలలు తొలగించవలెను. కొన్ని పర్యాటక పట్టణాలకు మాత్రము ఇందులో సడలింపులు కలవు.

ఈ ఉత్తర్వు అమలుకు దశాబ్దము పైగా పట్టినది. రమాతుయెల్ గ్రామ పరిధిలోని పాంపెలోన్ బీచ్ ఇందుకు ఉదాహరణ. సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున్న ఈ ఇసుక తీరములో 1944 ఆగస్టు 15న మిత్రరాజ్యాల సైన్యము దిగినది. 1950ల నుండి ఇక్కడ విందుశాలలు వెలిశాయి. 2019 వేసవి నాటికి పాత కట్టడాలను కూల్చి, ఇసుకదిబ్బల వెనుకకు జరిపి, చెక్కతో తాత్కాలికముగా కట్టించారు. వాటి సంఖ్యను కూడా తగ్గించారు.

2015 నాటి వివాదము

చట్టము ఎంత గట్టిదైనా ఆచరణలో అది నిలుస్తుందా అన్న ప్రశ్న 2015 జూలైలో వల్లోరిస్ పట్టణ పరిధిలోని లా మిరాండోల్ బీచ్ వద్ద తలెత్తినది. సౌదీ అరేబియా రాజు సల్మాన్ భవనము ఈ చిన్న బీచ్‌కు ఎగువన కలదు. ఆయన విడిది కోసము అధికారులు భద్రతా కారణాలు చూపి బీచ్‌ను మూసివేశారు. నిరసన విన్నపముపై లక్షకు పైగా సంతకాలు చేరాయి. రాజు అనుకొన్నదానికన్నా ముందే మొరాకో వెళ్ళిపోగా బీచ్ తిరిగి తెరచుకొన్నది. బీచ్ చిన్నదే కానీ, అది ప్రజలదన్న సూత్రమే ఇక్కడ పరీక్షకు వచ్చినది.

మరుసటి సంవత్సరము ఒడ్డున ధరించే దుస్తులపై వివాదము వచ్చినది. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులను నిషేధిస్తూ విల్‌నొవ్-లూబే పట్టణము ఇచ్చిన ఉత్తర్వును 2016 ఆగస్టు 26న కొన్సెయ్ దెతా నిలిపివేసినది.

బీచ్ ఎంపిక

ప్రైవేటు బీచ్‌లో పరుపు కుర్చీ, గొడుగు, మరుగుదొడ్డి, స్నానపు గది, భోజనము లభిస్తాయి. పరుపు అద్దె రోజుకు కొన్ని పదుల యూరోలు ఉంటుంది. కాన్ నగరములోని క్రొయిసెట్ వీధి వెంబడి, పాంపెలోన్‌లోను ధరలు మరింత ఎక్కువ. నీటికి దగ్గరి వరుసకు ధర ఎక్కువగా ఉండుట మామూలే. బయటినుండి తెచ్చుకొన్న భోజనము అక్కడ సాధారణంగా తిననీయరు. అయితే నీటి అంచు వెంబడి ఎవరైనా నడిచిపోవచ్చును, అందుకు రుసుము అడుగుటకు వీలులేదు. 1976 చట్టము తీరము పక్కనున్న సొంత స్థలాల గుండా కూడా మూడు మీటర్ల కాలిబాట హక్కు కల్పించినది. ఫెర్రా అగ్రము, ఆంటీబ్ అగ్రము, మార్టిన్ అగ్రముల చుట్టూ ఉన్న బాటలు దీని ఫలితమే. సొమ్ము వెచ్చించకుండా ఈ తీరపు అందము చూడదలచిన వారికి వీటిని మించినవి లేవు.

నీస్ నగరములో ఇసుక లేదు, అంతా గులకరాళ్ళే. ఏడు కిలోమీటర్ల ప్రొమెనాద్ దెజాంగ్లే వీధి దిగువన ఉచిత, ప్రైవేటు బీచ్‌లు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. రాళ్ళవలన నీరు తేటగా ఉంటుంది కానీ ఒడ్డునుండి కొద్ది అడుగులలోనే లోతు వస్తుంది. ఈత రానివారికి, చిన్నపిల్లలకు ఇది తగదు. కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు అవసరము. చక్రాల కుర్చీ వాడేవారు నీటిలో దిగుటకు సహాయకులు, ప్రత్యేకమైన తేలే కుర్చీలు ఉన్న ఉచిత బీచ్‌లు మాత్రము నీస్‌లో వేసవిలో నడుపుతారు. పిల్లలతో వెళ్ళేవారికి ఆంటీబ్‌లోని గ్రావెత్, సాలిస్, విల్‌ఫ్రాంష్‌లోని మరినియేర్ ఉచిత బీచ్‌లు మేలు. మరినియేర్ రైలు స్టేషనుకు ఆనుకొనే ఉన్నది. కాన్ నుండి మెంతోన్ వరకు రైలుమార్గము తీరము వెంబడే పోతుంది కాబట్టి కారు అవసరము లేదు. సెయింట్ త్రోపేకు రైలు లేదు.

ఒడ్డున గోధుమరంగు ఆకుల గుట్టలు కనిపిస్తే అవి చెత్త కావు. పొసిడోనియా అను సముద్రపు గడ్డి ఆకులవి. ఇవి ఒడ్డు కోతను తగ్గిస్తాయి. ఎరుపు, పసుపు రంగుల జెండాల నడుమ ఉన్న నీటికి కాపలా ఉంటుంది. ఎర్ర జెండా ఉన్నప్పుడు నీటిలో దిగరాదు. 2025 వేసవి నుండి ఫ్రాన్సు బీచ్‌లలో ధూమపానము నిషిద్ధము. సముద్రములో ఆపద వచ్చినప్పుడు 196 లేదా 112 సంఖ్యకు ఫోను చేయవలెను.