ఎక్సెల్ ఆజ్ఞల జాబితా ఎక్సెల్‌లోనే ఉన్నది

ఎక్సెల్‌లో ఒకే పనిని పదేపదే చేయవలసి వచ్చినప్పుడు, దానికి కావలసిన ఆజ్ఞలను వరుసగా రాసి ఉంచవచ్చు. ఈ వరుసకు మాక్రో అని పేరు. 1993లో వెలువడిన ఎక్సెల్ 5 నుండి మాక్రోలను వీబీఏ అనే భాషలో రాస్తున్నారు. ఏయే ఆజ్ఞలున్నవో తెలుసుకొనుటకు వేరుగా పుస్తకం కొననక్కరలేదు.

జాబితాను చూచు విధానం: విండోస్ కంప్యూటరులో ఎక్సెల్ తెరచి ఆల్ట్, ఎఫ్11 మీటలను కలిపి నొక్కండి. తెరుచుకున్న కొత్త విండోలో ఎఫ్2 నొక్కితే ‘ఆబ్జెక్ట్ బ్రౌజర్’ వస్తుంది. పైన ఎడమ మూలనున్న పెట్టెలో ‘ఎక్సెల్’ ఎంచుకోండి. ఎడమవైపు వర్క్‌బుక్, వర్క్‌షీట్, రేంజ్ వంటి పేర్లుంటాయి. వాటిలో ఒకదానిపై నొక్కగానే దానికి చెందినవన్నీ కుడివైపు కనిపిస్తాయి. వీటిలో మెథడ్ అనగా చేయించగల పని. ప్రాపర్టీ అనగా లక్షణం. ఈవెంట్ అనగా మాక్రోను మేల్కొలిపే సంఘటన. ఏదైనా పేరుపై నొక్కితే, దానిని రాయవలసిన తీరు అడుగున కనిపిస్తుంది. అందులో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్నవి ఇవ్వకపోయినా ఆజ్ఞ పనిచేస్తుంది.

ఆజ్ఞ పేరు తెలియనప్పుడు: ‘రికార్డ్ మాక్రో’ను ప్రారంభించి, పనిని ఒకసారి చేతితో చేయండి. ఎక్సెల్ తానే ఆజ్ఞలను రాసిపెడుతుంది. ఆ పేర్లను జాబితాలో వెదకి చూడవచ్చు.

పాత, కొత్త తేడాలు: పట్టణంలో తయారైన మాక్రో ఊరిలోని పాత కంప్యూటరులో ఆగిపోవచ్చు. ఉదాహరణకు, పాల సంఘం పట్టికలో రెండుసార్లు వచ్చిన పేర్లను తొలగించే ‘రిమూవ్‌డూప్లికేట్స్’ ఎక్సెల్ 2007లో చేరింది, 2003లో లేదు. కనుక మాక్రో నడపవలసిన కంప్యూటరులోనే జాబితాను చూడాలి. ఫోనులోని ఎక్సెల్‌లో వీబీఏ మాక్రోలు నడవవు.

తెలుగువారికి ప్రత్యేకంగా: ఆజ్ఞలను ఆంగ్ల లిపిలోనే టైపు చేయాలి. మాక్రో రాసే చోట తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. తెలుగు పేరును పట్టికలోని ఒక గడిలో ఉంచి, మాక్రో ఆ గడిని చదివేటట్లు రాయడం ఒక మార్గం.

జాగ్రత్తలు: మాక్రో మార్చినదానిని సాధారణంగా ‘అన్‌డూ’తో వెనక్కి తీసుకొనలేము. ముందుగా ఫైలుకు నకలు తీసి, నకలుపైనే పరీక్షించండి. అపరిచితులు పంపిన మాక్రోలను నడపకండి. ఇంటర్నెట్ నుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుండి ముందుగానే అడ్డుకొంటున్నది. ఎవరైనా మాక్రో ఇచ్చినచో, అందులోని ప్రతి ఆజ్ఞ ఏమి చేయునో జాబితాలో చూచుకొన్న తరువాతనే నడపండి.