బొంబాయి జీటా సదస్సు – కొమరవోలు చంద్రశేఖరన్

1956 ఫిబ్రవరి మాసమున బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చి సంస్థయందు జీటా ప్రమేయములను గూర్చి అంతర్జాతీయ సదస్సు జరిగెను. ఆ సంస్థ అప్పటికింకను కొలాబాకు తరలలేదు. గేట్‌వే ఆఫ్ ఇండియా చెంత పాత యాట్ క్లబ్బు భవనమున నుండెను. అచ్చటికి కొన్ని మైళ్ల దూరముననే, తెలుగు కామాఠీల పేరు నిలుపుకొన్న కామాఠిపురము కలదు. బొంబాయి తెలుగువారి చరిత్ర చెప్పువారు కట్టడపు పనులను, మిల్లులను, మగ్గములను స్మరింతురు. ఈ సదస్సును స్మరించుట అరుదు. అయినను ఆ సంస్థ గణిత విభాగమును తీర్చిదిద్దిన వారు తెలుగువారే.

కొమరవోలు చంద్రశేఖరన్ 1920 నవంబరు 21న మచిలీపట్టణమున జన్మించిరి. బాపట్లలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, ఆనందరావుగారి శిష్యులై పరిశోధన సలిపిరి. పిమ్మట ప్రిన్స్‌టన్‌లో హెర్మన్ వైల్‌కు సహాయకులుగా నుండి, 1949లో హోమీ భాభా పిలుపుపై బొంబాయి చేరిరి. ఆంగ్ల ముద్రణలో ఇంటిపేరు ‘కె.’ యను పొడి అక్షరమయ్యెను. చివరి నకారమును చూచి ఆయనను తమిళులని తలచుట సులభము. ప్రవాసాంధ్రులకు ఇది క్రొత్త అనుభవము కాదు.

ఇక సదస్సు విషయము. 1, 2, 3 మొదలగు సంఖ్యల విలోమములను ఒక ఘాతమునకు హెచ్చించి కూడగా వచ్చునది జీటా. ఆ మొత్తమును ప్రధాన సంఖ్యల లబ్ధముగా వ్రాయవచ్చునని ఆయిలర్ చూపెను. దాని శూన్యస్థానములకును ప్రధాన సంఖ్యల వ్యాప్తికిని గల సంబంధమును రీమాన్ 1859లో వెల్లడించెను. రామానుజన్ 1916లో ప్రకటించిన టౌ సంఖ్యలు ఇట్టి ప్రమేయములకు మరొక ద్వారము. 2వ టౌ −24, 3వది 252. ఈ రెంటిని గుణించిన 6వదియగు −6048 వచ్చును. ఈ గుణకార ధర్మమును మార్డెల్ 1917లో నిరూపించెను. బడిపిల్లలు సైతము సరిచూడదగిన ఈ లెక్క వెనుక మాడ్యులర్ రూపముల సౌష్ఠవము దాగియున్నది. వాని విశాల కుటుంబమే ఆటోమార్ఫిక్ రూపములు.

సదస్సు వ్యాసములు 1956లోనే భారత గణిత సంఘ పత్రిక 20వ సంపుటమున వెలువడెను. సీగెల్, మాస్, ఐక్లర్ వ్యాసము లందున్నవి. అన్నిటిలో ఘనమైనది నార్వే దేశీయుడగు సెల్బెర్గ్ వ్రాసినది. వక్రతలముపై కంపనముల పౌనఃపున్యములు ఒకవైపు. దానిపై బయలుదేరిన చోటికే మరలివచ్చు ఋజుమార్గముల పొడవులు మరొకవైపు. జమాఖర్చుల చిట్టావలె ఈ రెండు లెక్కలును సరిపోవునని చూపునదే సెల్బెర్గ్ సూత్రము. ఆ మార్గములు ప్రధాన సంఖ్యల పోలికగా వ్యాపించియుండుట మిక్కిలి విచిత్రము. నేటికిని ఆటోమార్ఫిక్ రూపముల పరిశోధకులు ఈ సూత్రమును ఆశ్రయింపక తప్పదు. అట్టి వ్యాసము మన దేశపు పత్రికలో అచ్చగుట చిన్న సంగతి కాదు.

విదేశ పండితులను రప్పించి, వారి ఉపన్యాసములను ఇచ్చటివారిచే గ్రంథస్థము చేయించుట ఆ విభాగపు పద్ధతి. వర్గరూపములపై సీగెల్ ఉపన్యాసములను హైదరాబాదున జన్మించిన కె. జి. రామనాథన్ లిఖించిరి.

చంద్రశేఖరన్ 1965లో జూరిక్ విశ్వవిద్యాపీఠమగు ఇ.టి.హెచ్.కు వెడలిరి. అంతర్జాతీయ గణిత సమితికి 1961 నుండి 1966 వరకు కార్యదర్శిగను, 1971 నుండి 1974 వరకు అధ్యక్షులుగను పనిచేసి, 2017 ఏప్రిల్ 13న దివంగతులైరి. 1968లో వెలువడిన వారి విశ్లేషక సంఖ్యాశాస్త్ర ప్రవేశ గ్రంథముపై నున్న పేరు ‘కె. చంద్రశేఖరన్’ అనియే.