టేపులో మిగిలిన గొంతు

చరిత్ర అంటే శాసనాలూ సర్కారు దస్త్రాలే అనుకునేవాళ్లకు అరిగిపోయిన క్యాసెట్ ఒకటి చరిత్రగా కనిపించదు. మాకు కనిపిస్తుంది. ఎందుకంటే మా ఇళ్లలో చాలా మాటలు కాగితం మీదికి ఎక్కనే లేదు. 1970లు, 80లలో సౌదీకో దుబాయికో బతకడానికి పోయినవాళ్లు చదువురాని అమ్మీలకు ఉత్తరం బదులు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ టేప్ రికార్డర్ చుట్టూ కూచొని వినేవాళ్లు. ఒక్కోసారి జవాబు కూడా అదే క్యాసెట్ మీద రికార్డయ్యేది, పాత మాట చెరిగిపోయేది. గొంతు నిలవడం ఎంత కష్టమో మాకు అక్కణ్ణుంచే తెలుసు. అందుకే న్యూయార్క్‌లో ఒక ఇంట్లో రికార్డయిన క్యాసెట్‌ను నలభై అయిదేళ్ల తర్వాత బాగుచేసిన వైనం మాకు పరాయి సంగతిగా తోచలేదు.

ఆ క్యాసెట్ జాన్ లెనన్‌ది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవు పట్నం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ల బృందం బీటిల్స్. 1962లో మొదటి రికార్డు, 1970లో విడిపోవడం - ఈ ఎనిమిదేళ్లలోనే వాళ్లు లోకమంతా వినిపించారు. విడిపోయాక లెనన్ న్యూయార్క్‌లో డకోటా అనే భవనంలో ఉండేవాడు. 1970ల చివర్లో పియానో ముందు కూచొని, మామూలు క్యాసెట్ రికార్డర్ పెట్టుకొని 'నౌ అండ్ దెన్' అనే పాట పాడుకున్నాడు. పాట పూర్తికాలేదు. 1980 డిసెంబర్ 8న ఆ ఇంటి ముందే అతన్ని కాల్చి చంపారు.

1994లో అతని భార్య యోకో ఓనో కొన్ని టేపులు పాల్ మెకార్ట్నీకి ఇచ్చింది. మిగిలిన ముగ్గురూ - పాల్, జార్జ్ హ్యారిసన్, రింగో స్టార్ - జెఫ్ లిన్ అనే రికార్డింగ్ నిపుణుణ్ణి పెట్టుకొని వాటి మీద పనిచేశారు. రెండు పాటలు బయటికొచ్చాయి: 1995లో 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్', 1996లో 'రియల్ లవ్'. మూడోది మాత్రం లొంగలేదు.

ఎందుకు లొంగలేదో చెప్పాలి. స్టూడియోలో గొంతు ఒక ట్రాక్ మీద, గిటార్ ఇంకో ట్రాక్ మీద, డ్రమ్స్ మరోదాని మీద ఉంటాయి. ఏది ఎంత వినిపించాలో పాళ్లు చూసి కలపడాన్నే మిక్స్ అంటారు. ఇంటి క్యాసెట్‌లో ఆ వీలు లేదు. గొంతూ పియానో ఒకే తీగ మీద ఆరేసిన బట్టల్లా కలిసిపోయి ఉన్నాయి. గొంతు పెంచితే పియానో కూడా పెరిగి గొంతును మింగేస్తుంది. పైగా ఆ టేపులో కరెంటు లైను నుంచి వచ్చిన ఝుమ్మనే మోత ఒకటి. మోతను తగ్గించబోతే, అదే స్థాయిలో ఉన్న గొంతులోని బరువు కూడా పోతుంది. 1995లో కొద్దిపాటి పని చేసి వదిలేశారు. జార్జ్‌కు ఆ పని నచ్చలేదని మెకార్ట్నీయే తర్వాత చెప్పాడు. 2001లో జార్జ్ క్యాన్సర్‌తో చనిపోయాడు.

దారి సినిమా వైపు నుంచి దొరికింది. న్యూజిలాండ్ దర్శకుడు పీటర్ జాక్సన్ 1969 జనవరి నాటి బీటిల్స్ ఫిల్ములతో 'గెట్ బ్యాక్' అనే డాక్యుమెంటరీ తీశాడు. 2021లో విడుదలయింది. ఆ రోజుల్లో తీసిన టేపుల్లో మాటల మీద గిటార్లు మోగుతున్నాయి. అతని బృందం కంప్యూటర్‌కు ఒక్కొక్క వాద్యం, ఒక్కొక్క గొంతు ఎట్లా ఉంటుందో వినిపించి వినిపించి గుర్తుపట్టడం నేర్పింది. నేర్చుకున్నాక అది కలగాపులగం ధ్వనిలోంచి వేటికవి విడదీయగలిగింది. 2022లో లెనన్ క్యాసెట్‌ను దానికి అప్పగించారు. గొంతు ఒకవైపు, పియానో ఒకవైపు వచ్చాయి.

2023 జూన్‌లో మెకార్ట్నీ ఈ సంగతి రేడియోలో చెప్పగానే, చచ్చిపోయినవాడి గొంతును యంత్రం పుట్టించిందని గోల లేచింది. కృత్రిమంగా దేన్నీ తయారుచేయలేదని ఆయన మళ్లీ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు. ఒక మనిషి అన్నమాటను వినపడేట్టు చేయడం వేరు, అనని మాటను అతని నోట్లో పెట్టడం వేరు. రెండోది మా మీద ఎన్నోసార్లు జరిగింది కనుక మొదటిదాని విలువ మాకు తెలుసు.

అయితే శుభ్రం చేయడంతో పని ఆగలేదు. 1995లో జార్జ్ వాయించిన గిటార్లను వాడుకున్నారు, అది న్యాయమే. రింగో కొత్తగా డ్రమ్స్ వాయించాడు. మెకార్ట్నీ బేస్ వాయించి, జార్జ్ బాణీలో స్లైడ్ గిటార్ కూడా వాయించాడు. వయొలిన్ల బృందాన్ని అమెరికాలో రికార్డ్ చేశారు. బీటిల్స్ పాత పాటలు 'ఎలినార్ రిగ్బీ', 'బికాజ్', 'హియర్, దేర్ అండ్ ఎవ్రీవేర్'ల లోని గొంతుల తునకలు తెచ్చి వెనక అతికించారు. ఇక్కడ మాకు పేచీ ఉంది. 1966లో, 1969లో వేరే పాట కోసం పాడిన గొంతు ఈ పాటకు సాక్ష్యం ఎట్లా అవుతుంది? ఆ నలుగురూ ఈ పాటను కలిసి పాడలేదు. అంతకన్నా ముఖ్యం, లెనన్ క్యాసెట్‌లో పాడిన ఒక భాగాన్ని పూర్తిగా తీసేశారు. తీసిందేమిటో తెలిసింది దొంగచాటుగా చేతులు మారిన పాత టేపుల వల్లే.

ఎదుటి వాదన కూడా వినాలి. లెనన్‌కు తన గొంతంటే మోజు లేదు. స్టూడియోలో దాన్ని మార్చమని పోరేవాడు. 1966లో 'టుమారో నెవర్ నోస్' పాటకు అతని గొంతును గిర్రున తిరిగే స్పీకర్ గుండా పంపారు. ఒకే పాటను రెండుసార్లు పాడే శ్రమ తప్పించమంటే ఆ ఏడే ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ గొంతును యంత్రంతోనే జంట చేసే పద్ధతి కనిపెట్టాడు. కాబట్టి ముడి గొంతే అసలు లెనన్ అనడం కుదరదు. జార్జ్ బతికుంటే మనస్ఫూర్తిగా చేయి కలిపేవాడని ఆయన భార్య ఒలీవియా 2023లో అన్నది. ఆ మాటను కాదనడానికి మనమెవరం? కానీ ఒప్పుకున్నవాళ్లు వారసులు, పాడినవాళ్లు కాదు.

మా యాస అచ్చుకెళ్తే ఉర్దూ మాటలు ఏరేసి "శుద్ధం" చేసి పంపిన చేతులు మేం చూశాం. మంచి ఉద్దేశంతోనే చేశారు. గల్ఫ్ క్యాసెట్లలో మాట వెనక గదిలో ఇంకొకరి దగ్గు, ఫ్యాను చప్పుడు, దూరంగా అజాఁ వినపడేవి. ఇవాళ ఎవరైనా వాటిని యంత్రంలో వేసి మాట ఒక్కటే మిగిలిస్తే, మాట స్పష్టమవుతుంది, ఆ గది పోతుంది. ఎనిమిది మంది ఒకే గదిలో బతికిన సంగతి ఆ దగ్గులో ఉంది మరి.

'నౌ అండ్ దెన్' 2023 నవంబర్ 2న విడుదలయింది. 1969 తర్వాత బీటిల్స్ పాట ఇంగ్లండ్‌లో మొదటి స్థానానికి రావడం అదే మొదలు. 2025లో గ్రామీ కూడా వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్', 'రియల్ లవ్'లను కూడా ఇదే పద్ధతిలో గొంతు విడదీసి, జెఫ్ లిన్ చేతనే మళ్లీ మిక్స్ చేయించారు. వాటి విషయంలో 1995, 96ల మిక్స్‌లు మన దగ్గర ఉన్నాయి. ఏం మారిందో పక్కపక్కన పెట్టి ఎవరికి వారు వినవచ్చు. 'నౌ అండ్ దెన్'కు ఆ అవకాశం ఇవ్వలేదు. రికార్డు రెండోవైపు ఇంట్లో పాడిన ఆ క్యాసెట్‌ను, మోతతో సహా, తీసేసిన భాగంతో సహా పెట్టవలసింది. 1962 నాటి 'లవ్ మి డూ' పెట్టారు.