మకిలి పట్టిన లెన్సు నేర్పిన పాఠం

మన ఐటీ వాళ్ళకి మెయింటెనెన్స్ ప్రాజెక్టంటే చిన్నచూపు. కొత్తది కట్టేవాడు హీరో, పాతదాన్ని నిలబెట్టేవాడు ఎవరికీ పట్టడు. లెన్సుల చరిత్ర చదివాక ఈ లెక్క తప్పని నాకు గట్టిగా అనిపించింది.

1890లలో ఇంగ్లండులోని యార్క్‌లో, కుక్ అనే టెలిస్కోపుల కంపెనీలో డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించాడు. ఏళ్ళ తరబడి గాలికీ తేమకీ మకిలి పట్టిన లెన్సులు కొత్తవాటికంటే ఎక్కువ వెలుతురు పంపుతున్నాయి! పైన ఏర్పడిన పల్చటి పొర, వెలుతురు వెనక్కి పోకుండా ఆపుతోందన్నమాట. అలాంటి పొరని కావాలని వేసే పద్ధతిని 1935లో జర్మనీలో, జైస్ కంపెనీలో స్మాకులా సాధించాడు. అన్నట్టు, హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో ఆకాశాన్ని ఫోటోలు తీసిన 8 అంగుళాల టెలిస్కోపు కూడా ఆ కుక్ వాళ్ళదే.

ఇన్‌ఫ్రారెడ్ దగ్గరికొచ్చేసరికి ఈ పూత ప్రాణావసరం. థర్మల్ కెమెరాల్లో మంచి లెన్సులు ఎక్కువగా జెర్మేనియంతో చేస్తారు. చూడ్డానికి ఉక్కుబిళ్ళలా ఉంటుంది. దాని వక్రీభవన గుణకం 4. అందుకే పూత లేకపోతే ఒక్కో ముఖం దగ్గరా 36 శాతం వెనక్కి పోతుంది, సగం కూడా లోపలికి రాదు. విరుగుడు? 4కి వర్గమూలం 2, కాబట్టి గుణకం 2 ఉన్న పూత కావాలి. వజ్రంలాంటి కార్బన్ పూత గుణకం సరిగ్గా ఆ దగ్గర్లోనే ఉంటుంది, పైగా గీతలు పడనంత గట్టిది. 1971 నుంచి ప్రయోగాలు సాగి, ఇది బయటి ముఖానికి కవచమైంది.

అదీ ఎప్పటికీ ఉండదు. బందరులో ఉప్పుగాలి, మా అనంతపురంలో దుమ్ము. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మరి! ఎన్.పి. కుంట లాంటి సోలార్ పార్కుల్లో పాడైన పలకల్ని పట్టేది థర్మల్ కెమెరాలే. కార్బన్ పూత పాడైతే ఆక్సిజన్ ప్లాస్మాలో కాల్చేసి, కింద గీతలుంటే సానబట్టి, మళ్ళీ పూత వెయ్యొచ్చు. సాన ఎక్కువైతే లెన్సు ఒంపు మారి బొమ్మ చెడుతుంది. అదే పనితనం.

బందరుకి ఈ విద్య కొత్త కాదు. నష్టాల్లో ఉన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో బీఈఎల్ తీసుకుని, అక్కడే నైట్ విజన్ పరికరాలు చేసింది. 2025లో దగ్గర్లోని నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా మొదలైంది. సంతోషం. కానీ జెర్మేనియం ఎగుమతులపై 2023 ఆగస్టులో చైనా ఆంక్షలు పెట్టింది. లోహం చేతిలో లేనివాడు లెన్సు పారేసుకోకూడదు.

కొత్త ఫ్యాక్టరీకి శిలాఫలకం వేస్తారు, రిపేరు షెడ్డుకి ఎవరూ వెయ్యరు. జేఎన్‌టీయూ ఉన్న అనంతపురంలో పాత లెన్సులకి పూత వేసే ఒక చిన్న వర్క్‌షాపు పెట్టి కుర్రాళ్ళకి నేర్పితే, నా దృష్టిలో అది ఫ్యాక్టరీకి తీసిపోదు. మీరేమంటారు?