అరికమేడు మధుభాండాలు

పుదుచ్చేరి పట్టణంలోని ఫ్రెంచి వీధులలో కొన్ని భోజనశాలలున్నవి. అక్కడ అతిథి కూర్చున్న వెంటనే, వడ్డనకు ముందుగానే, ద్రాక్షాసవాల పట్టిక ఒకటి అతని చేతికిస్తారు. అందులో మధువు పేరు, అది పుట్టిన సీమ, వెల వరుసగా ఉంటాయి. ఇది ఫ్రెంచివారు విడిచిపోయిన ఆచారమని లోకులనుకొంటారు. ఆ మాట కొంతవరకే నిజం. పట్టణానికి నైరుతిగా ఉన్న ఏంబలం వంటి పల్లెలను దాటి సముద్రం వైపు వస్తే, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఉన్నది. ఫ్రెంచివారు 1674లో పుదుచ్చేరికి వచ్చినారు. అంతకు పదహారు వందల ఏండ్ల ముందే ఈ దిబ్బ దగ్గర పడమటి మధువు ఒడ్డుకు దిగినది.

1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ త్రవ్వకాలు జరిపించినాడు. ఇటలీలో చేసిన ఎర్రని నునుపు పాత్రల ముక్కలతో పాటు ఆంఫొరా అనే పొడుగుపాటి కుండల పెంకులు బయటపడినవి. రెండు చెవులు, సన్నని మెడ, మొనదేలిన అడుగు వాటి లక్షణం. ఓడ అడుగున వరుసలుగా ఇరికించి పేర్చుటకు ఆ మొన అనుకూలం. మధువు ఊరిపోకుండా లోపల చెట్టుజిగురు పూసేవారు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో పొదుకె అనే రేవు పేరు వస్తుంది. అది ఈ ప్రాంతమేనని పలువురు పండితుల అభిప్రాయం. బరుకచ్ఛంలో ఏ మధువు అమ్ముడుపోవునో కూడ అతడు చెప్పినాడు: ఇటలీది మొదటి ఎన్నిక, తరువాత లవొదికేయ, అరబ్బు దేశపు మధువులు. భోజనశాల పట్టికకు ఇంతకంటె పాత నమూనా మన దేశ విషయంలో నాకు తెలియదు.

అయితే ఈ కుండలు ఎవరి కోసం వచ్చినవి? వీలరు అరికమేడును 'ఇండో-రోమను వర్తకస్థానం' అన్నాడు. ఆ పేరు చదివినవారికి, ఊరు రోమనులదనీ, మనవారు కూలికి వచ్చినవారనీ తోచుట సహజం. 1947-50లలో కసాల్, 1989-92లలో విమలా బెగ్లీ జరిపిన త్రవ్వకాలతో ఆ చిత్రం మారినది. రోమను సరకు రాకముందే అక్కడ ఊరున్నది. ఆ సరకు ఆగిన తరువాతా ఉన్నది. గాజుపూసలు చేసి దూరదేశాలకు పంపిన పనివారు ఆ ఊరివారే. వచ్చినవారు అతిథులు, ఇల్లు మనది.

పెంకులను పరీక్షించిన ఎలిజబెత్ లైడింగ్ విల్ వాటిలో కోస్ ద్వీపపు తరహావి హెచ్చుగా ఉన్నట్లు గుర్తించినది. జంట కడ్డీల వంటి చెవులు వాటి ఆనవాలు. కోస్ మధువులో సముద్రజలం కలుపుతారు. దాన్ని ఇంటిలోనే చేసుకొనే విధం రోమనుడు కేటో తన వ్యవసాయ గ్రంథంలో చెప్పినాడు. ఉప్పునీరు కలిపిన మధువు నేటి మన నాలుకకు రుచించునో లేదో! ఏమైనా అది చక్రవర్తుల పానీయం కాదు. వచ్చిన కుండలన్నీ మధువువి కూడ కావు. నూనెవి, చేపల ఊటవి కొన్ని ఉన్నవి.

పురనానూరులోని 56వ పద్యంలో, యవనులు తెచ్చిన చల్లని సువాసన గల మధువును పాండ్యరాజుకు స్త్రీలు బంగారు పాత్రలలో అందిస్తారు. అందుచేత పరదేశులే తమలో తాము త్రాగినారనుట చెల్లదు. మన నాగార్జునకొండలో కూడ కొమ్ముపాత్ర చేతబట్టిన అర్ధనగ్నుడైన గడ్డపు పురుషుని శిల్పమొకటి దొరికినది. అతని ప్రక్కన మధుభాండమున్నది. శిల్పికి ఆ వేషం ఎట్లు తెలిసినదో, యవనుని చూచి చెక్కెనో, విని చెక్కెనో!

రాజుకు పోసిన మధువును కవి పద్యంలో నిలిపినాడు. రేవులో మూత తీసిన కుండల సంగతి మాత్రం పెంకులు తప్ప ఎవరూ చెప్పలేదు. వాటిలో కొన్ని ఇప్పుడు పుదుచ్చేరి మ్యూజియములో, ఆ భోజనశాలలకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నవి.